గొంతు తెలిసినవాళ్ళే తిప్పాలి

సిరిసిల్లలో కరెంటు పోవాలని వేములవాడ రాజన్నకు మొక్కుకున్న మనిషిని బహుశా నేనొక్కదాన్నే. ఆ మొక్కు తీరింది కూడా. గుడికి పోయి కోడెను కట్టేసి మొక్కు చెల్లించుకుని వచ్చాను. ఎందుకు మొక్కావని మా ఆయన అడిగితే చెప్పలేదు, నవ్వుతాడని. ఇప్పుడు చెబుతున్నాను.

మా వైపు మగవాళ్ళకు మూడే దారులని ఒక మాటుంది: బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. మా బాపు మూడోది పట్టాడు. నిజానికి ఆయన పోయింది మస్కట్‌కు. కానీ కోరుట్ల పక్క మా ఊళ్ళో సముద్రం దాటి ఎక్కడికి పోయినా దుబాయి పోయినట్టే లెక్క. మొదటిసారి చుట్టీకి, అంటే సెలవుకు, వచ్చినప్పుడు ఆయన భుజాన మోసుకొచ్చింది ఒక టేప్‌రికార్డర్. రేడియో, క్యాసెట్ రెండూ ఉండేది, కరెంటు లేకపోతే పెద్ద బ్యాటరీల మీద నడిచేది. బంగారం తెస్తాడనుకున్న మా అవ్వ, అంటే మా అమ్మ, రెండు రోజులు మొహం మాడ్చుకుందట. తర్వాత దాన్నే బంగారంలా చూసుకుంది.

ఎందుకంటే అవ్వకు చదువు రాదు. బాపుకు సంతకం వరకే వచ్చు. ఉత్తరం రాయించాలంటే ఒకరి గడప తొక్కాలి, చదివించాలంటే ఇంకొకరి గడప తొక్కాలి. మొగుడూ పెళ్ళాల మాటలు ఊరంతా విన్నాకే ఇల్లు చేరేవి. క్యాసెట్‌తో ఆ బాధ తప్పింది. బాపు అక్కడి కూలీల క్యాంపులో కూర్చుని తన మాటలు రికార్డు చేసి, చుట్టీకి వచ్చేవాళ్ళ చేత పంపేవాడు. అవ్వ దాన్ని తనివితీరా విని, మొదటికి తిప్పి, ఆ మాటల మీదే తన జవాబు రికార్డు చేసి, తిరిగి పోయేవాళ్ళ చేతిలో పెట్టేది. బాపు అది విని మళ్ళీ దాని మీదే తన మాట. కొత్త మాట పడితే పాత మాట చెరిగిపోయేది. దుబాయి ఇళ్ళన్నీ ఇలాగే చేసేవి. ఖాళీ క్యాసెట్ మా ఊళ్ళో దొరికేది కాదు మరి. పైగా భర్త బతికే ఉన్నాడు, మళ్ళీ మాట్లాడతాడు, పాత మాటలు దాచుకోవడం ఎందుకు అనుకునేవాళ్ళు.

బాపు ఇల్లు చేరి చాలా ఏళ్ళయింది. మనిషి మాటకారి. బస్టాండులో పక్కన కూర్చున్నవాడితో బస్సు వచ్చేలోగా చుట్టరికం కలిపేవాడు. అలాంటి మనిషికి నిరుడు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, దాంతోపాటు మాటా పడిపోయింది. ఎదుటివాళ్ళు చెప్పేది అంతా అర్థమవుతుంది, తాను మాత్రం 'ఆ' అన్న ఒక్క చప్పుడు తప్ప ఏదీ పలకలేడు. అవ్వనూ ఆయన్నూ జగిత్యాలలో మా ఇంటికి తీసుకొచ్చుకున్నాను. మొదట్లో డాక్టరు చెప్పిన కసరత్తులు చేసేవాడు. తర్వాత మానేశాడు. పలకరించడానికి వచ్చినవాళ్ళు ఆయన్ని వదిలేసి ఆయన ముందే నాతో మాట్లాడడం మొదలుపెట్టాక గోడ వైపు తిరిగి పడుకోవడం అలవాటు చేసుకున్నాడు. అన్నం కూడా సగంలో తోసేసేవాడు.

ఒకరోజు ఎడమ చెయ్యి ఎత్తి అల్మారా మీదకు చూపించి 'ఆ, ఆ' అన్నాడు. దుప్పటా? కాదు. మందులా? కాదు. చివరికి అవ్వ టేప్‌రికార్డర్ దించితే కళ్ళు మెరిశాయి. తర్వాత తన పాత సూట్‌కేసు చూపించాడు. దాని లోపలి జేబులో ఒక్క క్యాసెట్ ఉంది. మస్కట్ నుంచి ఆఖరిసారి వచ్చినప్పుడు ఆయన వెంట తెచ్చుకున్నది.

"నీ బాపు గొంతు ఉన్నది బిడ్డా గీ క్యాసెట్ల. తన మాట తను ఇనాల్నని ఉన్నది ఆయనకు," అంది అవ్వ, కొంగు నోట్లో కుక్కుకుని.

నాకూ అలాగే అనిపించింది. తన గొంతు వింటే మళ్ళీ మనిషవుతాడని, కసరత్తులకు లేస్తాడని ఆశ పుట్టింది. మీట నొక్కితే లోపల ఏదో గురగురమంది తప్ప టేపు తిరగలేదు. అంతే, అక్కడినుంచి నా తిరుగుడు మొదలైంది.

మొదట కోరుట్ల. బాపు ఆ పెట్టెను ఒకప్పుడు బాగుచేయించిన దుకాణం అదే. అప్పటి ఆయన లేడు, కొడుకు కూర్చుంటున్నాడు. చుట్టూ మిక్సీలు, ఫ్యాన్లు. మా పెట్టెను అటూ ఇటూ తిప్పి, "రేపు రా అక్కా, అయిపోతది," అన్నాడు. క్యాసెట్ మాత్రం నేను నా సంచిలోంచి తీయలేదు. నాకు కోపం ఎక్కువ, నమ్మకం తక్కువ. ఈ రెండిట్లో రెండోది ఈసారి పనికొచ్చింది.

వెనకటికి దయ్యం రాకుండా తలుపుల మీద 'రేపు రా' అని రాసుకునేవాళ్ళు. ఈయన రాసుకోకుండా నోటితోనే కానిచ్చేవాడు. వెళ్ళిన ప్రతిసారీ ఒక కొత్త కారణం. హైదరాబాద్ నుంచి పార్టు రావాలి. వచ్చింది కానీ తప్పు పార్టు వచ్చింది. మరదలి పెళ్ళి. ఆఖరికి ఒక శనివారం నేనే బల్ల కిందికి వంగి చూస్తే మా పెట్టె నేను ఇచ్చినప్పుడు కట్టిన తువ్వాలలోనే ఉంది, ముడి కూడా విప్పలేదు. మీద ఎవరో చాయ్ గ్లాసు పెట్టిన గుండ్రటి మరక.

"ముడన్న ఇప్పినవా తమ్మీ?" అన్నాను.

"ఇప్పుదామనే అనుకుంటున్న అక్కా, గంతల నువ్వే అచ్చినవు!"

ఆ మాటకు దుకాణంలో ఉన్న గిరాకీలు నవ్వారు. నేను నవ్వలేదు. తువ్వాలతో సహా పెట్టెను చంకన పెట్టుకుని, ఆయన తండ్రి పేరు ఎత్తి నాలుగు మాటలని బస్సెక్కాను. ఇప్పుడు తలచుకుంటే ఆయనకు నేను రుణపడే ఉన్నాను. పట్టించుకోకపోవడమే ఆయన మాకు చేసిన మేలు. విప్పి ఉంటే ఏం చేసేవాడో తర్వాతి దుకాణంలో తెలిసింది.

ఆ దుకాణం జగిత్యాలలోనే ఉంది. మొబైళ్ళు, మైకులు, అన్నీ బాగుచేస్తామని బోర్డు. ఇక్కడ 'రేపు రా' లేదు. చెప్పిన రోజుకే ఫోన్ చేశాడు. పోయేసరికి పెట్టె తళతళా తుడిచి ఉంది. ముందు భాగంలో నీలం దీపం ఒకటి టిక్కుటిక్కున ఆరివెలుగుతోంది. తన ఫోన్ మీద వేలు పెట్టగానే మా పెట్టెలోంచి డీజే పాట దంచికొట్టింది.

"బ్లూటూత్ బోర్డు ఏసిన మేడం. పెన్‌డ్రైవ్ గూడ నడుస్తది!"

"టేపు?"

"గిప్పుడు క్యాసెట్లెవలు ఇంటున్నరు మేడం? గా మెకానిజం మొత్తం పీకేసిన. లోపల జాగా మంచిగైంది."

వినాయకుణ్ణి చేయమంటే కోతిని చేశాడని చదువుకున్నాను కానీ, ఆ కోతి నీలం కళ్ళతో నన్ను చూసి కన్ను కొట్టడం అప్పుడే చూశాను. నేను పాఠాలు చెప్పే బడిలో పిల్లల మీద కూడా నేనంత గొంతు ఎత్తలేదు. మా బాపుకు మాట పడిపోయిందని, ఆయన గొంతు ఒక్క క్యాసెట్‌లో ఉందని, దాన్ని వినిపించడానికే ఇంత తిరుగుతున్నానని, ఏడుపూ తిట్టూ కలిపి చెప్పేశాను. ఆయన బిత్తరపోయాడు. పాపం, మంచి చేశాననే అనుకున్నాడు. వెనక్కి పోయి చెత్త సామాను వేసే ప్లాస్టిక్ టబ్బు ఈడ్చుకొచ్చి నా ముందు బోర్లించాడు. ఇద్దరం నేల మీద గొంతుకూర్చుని పాత చార్జర్లు, పగిలిన స్పీకర్ల మధ్య వెతికాం. క్యాసెట్ పెట్టే తలుపు దొరికింది, తిరిగే చక్రాలున్న ఇనుప చట్రం దొరికింది, మోటారు దొరికింది. ఒక్క చిన్న స్ప్రింగు దొరక్కపోతే ఆయన టార్చి పట్టుకుని మురికి కాలువ దాకా పోయి చూసి వచ్చాడు. స్ప్రింగు చివరికి ఆయన చొక్కా మడతలో దొరికింది. వారం వారం టబ్బు పట్టుకుపోయే పాత ఇనుపసామాన్ల బండి ఆ వారం రాలేదట. ఆ బండివాడికి ఏం పని పడిందో గానీ, వాడు ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

నేను పనిచేసేది కొడిమ్యాల బడిలో. ముక్కలుముక్కలైన పెట్టె గురించి భోజనాల దగ్గర చెప్పుకుంటుంటే మా తెలుగు సారు విన్నాడు. ఆయనది కోనరావుపేట. చిన్నప్పుడు వాళ్ళ ఊరి పెళ్ళిళ్ళకు సిరిసిల్ల నుంచి మైక్‌సెట్ తెచ్చే ముసల్మాను ఒకాయన ఉండేవాడని, ఇప్పుడు ఇంటి దగ్గరే పాత రేడియోలు బాగుచేస్తాడని చెప్పాడు. రెండుచోట్ల చెయ్యి కాలినదాన్ని, ఆశ లేకుండానే సంచి సర్దుకుని వేములవాడలో బస్సు మారి సిరిసిల్ల పోయాను.

గల్లీలో అడుగుపెట్టగానే చెవులు దిమ్మెత్తాయి. రెండు వైపులా మరమగ్గాల షెడ్లే. అక్కడివాళ్ళు వాటిని సాంచాలంటారు. టకటక టకటక, మాట మీద మాట వినబడదు. ఆయన ఇంటి గోడకు ఆనుకునే ఒక షెడ్డు. నేను గుమ్మంలో నిలబడి అరిచి చెబితే ఆయన అరిచి జవాబిచ్చాడు.

"అరే! ఎవడు బేటీ గిట్ల ఖరాబ్ జేసింది? గిది బాగైతది. నేను జేస్త. సిరిసిల్లల నేను తప్ప ఎవడు చెయ్యడు!"

గొప్పలకేం తక్కువ లేదు. టేపును తిప్పే రబ్బరు బెల్టు కరిగి నల్లటి జిగురైందని చూపించాడు. తెగిన వైర్లు అతికిస్తానన్నాడు. అంతా బాగానే ఉంది. ఎప్పుడు రావాలి చాచా అంటే మాత్రం, "కరెంటు పోయిననాడు," అన్నాడు.

నేను తప్పుగా విన్నాననుకున్నాను. లోపలినుంచి ఆయన భార్య వచ్చి నా చెవి దగ్గర వివరంగా చెప్పింది. ఆయన కూడా చాలా ఏళ్ళు సాంచాలు నడిపినవాడే. చెవులు సగం పోయాయి. పక్క షెడ్డు నడుస్తుండగా పాట సరిగ్గా వస్తుందో లేదో ఆయనకు తెలియదు. కరెంటు పోతే గల్లీ అంతా నిశ్శబ్దమవుతుంది. అప్పుడు బ్యాటరీల మీద పెట్టి విని, సరిచేసి ఇస్తాడు. ఆయన పద్ధతి అది.

మంచి పద్ధతే. కాకపోతే ఇప్పుడు కరెంటు పోవడమే అరుదైంది. పైగా ఆ నెలల్లో సిరిసిల్లకు చీరల ఆర్డర్లు బాగా ఉన్నాయి, సాంచాలు పండుగలకు కూడా ఆగడం లేదు. ఊరికి అది మంచి కాలం, నాకొక్కదానికే చెడ్డకాలం. 'రేపు రా' అన్నవాడిని తిట్టి వచ్చిన నేను 'కరెంటు పోతే రా' అన్నవాడి గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఇంటి దగ్గర బాపు రోజూ నా చేతుల వైపు చూసేవాడు, పెట్టె వచ్చిందేమోనని. రాలేదని తెలిసి గోడ వైపు తిరిగేవాడు. ఆ తిరగడం చూసిన ఒక సాయంత్రమే రాజన్నకు మొక్కుకున్నాను. సాంచాలు ఆగితే కార్మికుల కూలి పోతుందని తెలుసు. అయినా మొక్కాను, ఒక్క పూట చాలు స్వామీ అని.

ఒకరోజు బడిలో ఉండగా ఫోన్ వచ్చింది.

"బేటీ! కరెంటు పోయింది! లైను పనంట, పొద్దుమూకెదాక రాదంట. జల్ది రా!"

సగం పూట సెలవు రాసిచ్చి పరుగెత్తాను. ఆ గల్లీని నిశ్శబ్దంగా చూడడం అదే మొదలు. షెడ్ల ముందు అరుగుల మీద కార్మికులు కూర్చుని మెల్లగా మాట్లాడుకుంటున్నారు, గొంతు తగ్గించడం కొత్తగా నేర్చుకున్నట్టు. నన్ను చూసి ఒకామె జరిగి దారిచ్చింది. వాళ్ళ ముఖాలు చూడ్డానికి నాకు సిగ్గేసింది. నా మొక్కు సంగతి వాళ్ళకు తెలియదు కదా.

చాచా పెట్టెను వెలుతురులో పెట్టుకుని కూర్చున్నాడు. తన దగ్గరున్న పాత ఖవ్వాలీ క్యాసెట్ వేశాడు. బొంగురుగా మొదలై మెల్లగా పాట తేటపడింది. నేను సంతోషం పట్టలేక సంచిలోంచి మా క్యాసెట్ తీసి ఇచ్చాను. ఆయన దాన్ని వెలుతురుకు ఎత్తి చూసి నా చేతిలోనే పెట్టాడు.

"గిది నేను ఎయ్య బేటీ. మస్తు పాతది. పదిసార్ల ఏసి చూసుడు గాదు, తెగితె నేను అతుకు ఏస్తగని పోయిన ముక్క రాదు. ఇంట్ల ఎయ్యి. ఇగో, మోటరు ఎనుక గీ స్క్రూ చూడు. గిటు తిప్పితె జోరు, గటు తిప్పితె సుస్తు. నా క్యాసెట్టే సాగింది, దాన్ని నమ్మి పెట్టిన స్పీడు ఇది, గలత్ ఉంటది. గా గొంతు తెలిసినోళ్ళే తిప్పాలె. నాకేం తెలుసు మీ బాపు ఎట్ల మాట్లాడ్తడో?"

వెనక మూత బిగించకుండానే, ఒక సన్నటి స్క్రూడ్రైవర్ తువ్వాలలో చుట్టి ఇచ్చాడు. పొద్దుగూకుతుండగా నేను బస్టాండు చేరేలోగా వెనకాల ఊరంతా మళ్ళీ టకటకమంది. ఆ చప్పుడు అంత ఇంపుగా నాకెప్పుడూ వినబడలేదు.

ఆదివారం మధ్యాహ్నం బాపును కుర్చీలో కూర్చోబెట్టి, ముందు బల్ల మీద పెట్టె పెట్టాను. అవ్వ పక్కన కూర్చుంది. మీట నొక్కాను.

చిన్నపిల్ల గొంతేదో కీచుమంటూ పరుగెత్తింది. స్పీడు ఎక్కువైంది. నేను వెనక్కి చెయ్యి పెట్టి స్క్రూ తిప్పాను. ఈసారి మరీ మందమై మగగొంతులా సాగింది. ఇదే బాపు గొంతేమోనని నేను ఆగిపోయాను. బాపు తల అడ్డంగా ఊపాడు. ఎడమ చెయ్యి చాచాడు. స్క్రూడ్రైవర్ ఇచ్చి, ఆయన చెయ్యి పట్టి ఆ స్క్రూ మీదకు చేర్చాను. కళ్ళు మూసుకుని పిసరంత పిసరంత తిప్పాడు. గొంతు సన్నబడింది, ఇంకొంచెం, ఒక వెంట్రుకవాసి వెనక్కి. అక్కడ చెయ్యి ఆపేశాడు.

"…ఇంటున్నవా? నేను మంచిగున్న. బర్రె ఈనింది, పెయ్యదూడ. పెంకలు ఇరిగినయ్, వానకు ఇల్లు ఉరుస్తున్నది. బీడీల సేటు ఆకు తక్కువ జోకుతుండు…"

వెనకాల కస్, కస్ అని తునికాకు కత్తిరిస్తున్న కత్తెర చప్పుడు. మా అవ్వ. పాతికేళ్ళ వయసు అవ్వ, బీడీలు చేసుకుంటూ మాట్లాడుతోంది.

"అయ్యో, గిది నా గొంతాయె!" ఇప్పటి అవ్వ నెత్తి కొట్టుకుంది. "ఆయన మాట మీద నేనే మాట్లాడిన. నేనే చెరిపేసిన గద బిడ్డా!"

ఇంత తిరిగింది దీనికోసమా అనుకున్నాను. కానీ బాపు ఎడమ చెయ్యి ఎత్తి మా ఇద్దరినీ ఊరుకోమన్నాడు. ఆయన ముఖం చూశాక అర్థమైంది. ఆయన అడిగింది తన గొంతు కాదు. క్యాంపులో వినివిని అరిగిన గొంతు ఇదే, ఎంత స్పీడులో ఉండాలో చెయ్యికి కూడా తెలిసిన గొంతు. దీని మీద మళ్ళీ మాట్లాడి చెరపడానికి మనసొప్పక వెంట తెచ్చుకున్నాడు. అవ్వకు కూడా అది అప్పుడే తెలిసింది. చెంగుతో ముఖం కప్పుకుంది, కొత్త పెళ్ళికూతురిలా.

"…నీ బిడ్డ గిక్కడనే నిలవడ్డది. మాట్లాడుమంటె సిగ్గువడుతున్నది. పైలం మరి. ఉంట."

టక్కుమంది. అయిపోయిందనుకుని ఆపబోతున్నాను. అవ్వ మాటలు బాపు పంపిన మాటలకంటే పొట్టివన్న సంగతి మాలో ఎవరికీ తోచలేదు. అవ్వ ఎక్కడ ఆపిందో అక్కడినుంచి కిందనున్న పాత ఉత్తరం చెరగకుండా అలాగే ఉంది. మాట మధ్యలోంచి బాపు గొంతు లేచింది, నిండుగా, నవ్వుతూ:

"…గందుకే కూర నేనే వండుతున్న, అందరు నా కూరనే అడుగుతుండ్రు. సరే, టేపు ఒడవస్తున్నది. ఇగ నేను సప్పుడు జెయ్య. బిడ్డకు ఇయ్యి. బిడ్డా, ఇగ నువ్వు మాట్లాడు. నేను ఇంటున్న."

తర్వాత మాటల్లేవు. కానీ ఆయన రికార్డింగు ఆపలేదు. కూలర్ తిరుగుతున్న చప్పుడు, మంచం కిర్రుమన్న చప్పుడు, ఎవరో దూరంగా దగ్గడం. సముద్రం అవతల ఒక గదిలో మా బాపు నిజంగానే నోరు మూసుకుని నా కోసం వింటున్నాడు.

ఈ గదిలో కూడా వింటున్నాడు. కుర్చీలో కాస్త ముందుకు వంగి నా ముఖంలోకి చూస్తున్నాడు.

నేను మొదలుపెట్టాను. కోరుట్లలో ముడి విప్పని తువ్వాల గురించి, కన్ను కొట్టిన నీలం దీపం గురించి, చొక్కా మడతలో దొరికిన స్ప్రింగు గురించి, కరెంటు పోవాలని మొక్కిన మొక్కు గురించి చెప్పాను. అక్కడ బాపు భుజాలు కదిలేలా నవ్వాడు. టేపు చివరికొచ్చి మీట టక్కున పైకి లేచింది. నేను ఆపలేదు.